సర్కారు వారి రెండో వకీలు

‘కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ సుప్రీంకోర్టుకు తెలిపారు.’ రోజూ పేపరు చదివేవారికి ఈ వాక్యం బాగా అలవాటైనదే. పన్నుల తగాదా అయినా, పౌరుల హక్కుల కేసైనా, కొత్త చట్టం చెల్లుతుందా లేదా అన్న వాదమైనా, ఢిల్లీ తిలక్ మార్గ్‌లోని కోర్టు హాల్లో ప్రభుత్వం పక్షాన లేచి నిలబడేది చాలాసార్లు ఆయనే. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో ఆయన హోదా కనిపిస్తుంది, ఆయన చెప్పిన మాట కనిపిస్తుంది. అసలా పదవి ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఆయన ఎవరికి జవాబుదారీ అని అడిగితే మాత్రం లాయర్లు కానివాళ్లలో చాలామంది తడుముకుంటారు.

ఆయన మంత్రి కాదు, ఎంపీ కాదు, ప్రభుత్వ ఉద్యోగి అంతకన్నా కాదు. నల్లకోటు వేసుకున్న సీనియర్ న్యాయవాది. కేంద్ర ప్రభుత్వ న్యాయాధికారుల వరసలో అటార్నీ జనరల్‌ది మొదటి కుర్చీ, సొలిసిటర్ జనరల్‌ది రెండోది. ఆ తర్వాత అదనపు సొలిసిటర్ జనరల్స్ వస్తారు. జిల్లా కోర్టులో జీపీని (ప్రభుత్వ ప్లీడర్‌ను), పీపీని (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను) చూసినవారికి ఈ వరస తేలిగ్గానే బోధపడుతుంది. జిల్లాలో ప్రభుత్వానికి జీపీ ఎలాగో, దేశంలోని అత్యున్నత న్యాయస్థానంలో కేంద్రానికి వీరు అలాగ.

ఈ రెండు కుర్చీల మధ్య తేడా పైకి కనిపించేదానికన్నా పెద్దది. అటార్నీ జనరల్ పదవిని రాజ్యాంగమే సృష్టించింది. 76వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత ఉండాలి. దేశంలోని ఏ కోర్టులోనైనా వాదించే హక్కు ఉంటుంది. ఓటు లేకపోయినా 88వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయసభల్లో మాట్లాడవచ్చు. సొలిసిటర్ జనరల్‌కు ఇవేవీ లేవు. ఆయన కోసం రాజ్యాంగంలో ఒక్క అధికరణం కూడా రాయలేదు. ఆ పదవికి ఆధారం 1987లో కేంద్రం రూపొందించిన న్యాయాధికారుల సేవా నిబంధనలు. ప్రధాని నాయకత్వంలోని క్యాబినెట్ నియామకాల కమిటీ పేరు ఖాయం చేస్తుంది. పదవీకాలం మూడేళ్లు, తర్వాత పొడిగించవచ్చు.

రాజ్యాంగంలో చోటు లేని ఈ పదవికి పార్లమెంటు చేసిన ఒక చట్టంలో మాత్రం గట్టి అధికారం ఉంది. సుప్రీంకోర్టులో ఎవరి మీదైనా క్రిమినల్ కోర్టు ధిక్కారం కేసు నడపాలని ఒక పౌరుడు కోరితే, ముందుగా అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్ లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 15వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ చట్టానికి పునాది వేసిన కమిటీకి అధ్యక్షత వహించిన హెచ్.ఎన్.సన్యాల్ అప్పటికి అదనపు సొలిసిటర్ జనరల్. 1963లో సొలిసిటర్ జనరల్ అయ్యారు.

రాజుగారి పనులు చక్కబెట్టేవాడు

పేరులోనే ఒక చిక్కుముడి ఉంది. బొంబాయి, కలకత్తాల పాత పద్ధతిలో సొలిసిటర్ అంటే కక్షిదారుతో మాట్లాడి, కాగితాలు సిద్ధం చేసి, కేసును బారిస్టరు చేతికి అందించే వ్యక్తి. కోర్టులో వాదన ఆయన పని కాదు. మరి వాదించడమే పనిగా ఉన్న అధికారికి ఆ పేరెందుకు?

జవాబు ఇంగ్లండులో దొరుకుతుంది. అక్కడి రాజుకు కోర్టుల్లో వ్యవహారాలు అనేకం. రాజు స్థానంలో నిలబడి మాట్లాడేవాడు అటార్నీ. పనులు ఎక్కడ ఆగాయో చూసి, నలుగురినీ కదిలించి, వాటిని ముందుకు నడిపించేవాడు సొలిసిటర్. 1461లో రిచర్డ్ ఫౌలర్ అనే న్యాయవాది ఆ పదవిలో నియమితుడైనట్టు చరిత్ర నమోదు చేసింది. కాలక్రమంలో ఆ ‘రాజుగారి సొలిసిటర్’ అటార్నీకి సహాయకుడై, ఆయన తర్వాతి స్థానంలో స్థిరపడ్డాడు. పని మారినా పేరు అలాగే ఉండిపోయింది.

ఆ కుర్చీ కోసం పడిగాపులు పడినవారిలో ఫ్రాన్సిస్ బేకన్ ఒకరు. వ్యాసకర్తగా, తత్వవేత్తగా ప్రపంచానికి తెలిసిన ఆ బేకనే. 1594లో అటార్నీ జనరల్ పదవి ఆశించాడు, అది ఎడ్వర్డ్ కోక్‌కు దక్కింది. పోనీ రెండో కుర్చీ అయినా అనుకుంటే, 1595లో అది థామస్ ఫ్లెమింగ్‌కు వెళ్లింది. చివరికి 1607లో, 46 ఏళ్ల వయసులో సొలిసిటర్ జనరల్ అయ్యాడు. అక్కడి నుంచి ఎదుగుదలకు అడ్డు లేకపోయింది. 1613లో అటార్నీ జనరల్, 1618లో లార్డ్ చాన్సలర్. 1621లో లంచాలు తీసుకున్నట్టు ఒప్పుకుని పదవి పోగొట్టుకున్నాడు.

బ్రిటన్‌లో నేటికీ సొలిసిటర్ జనరల్ రాజకీయ పదవే. ప్రభుత్వం మారితే మనిషీ మారతాడు. 1997లో చేసిన చట్టం ప్రకారం అటార్నీ జనరల్ చేయగలిగిన ఏ పనైనా సొలిసిటర్ జనరల్ చేయవచ్చు. 2001లో హారియట్ హార్మన్ ఆ పదవి చేపట్టిన తొలి మహిళ అయ్యారు.

బొంబాయి జంటతో మొదలు

మన దేశంలో 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ‘భారత అడ్వకేట్ జనరల్’ ఉండేవారు. రాజ్యాంగ రచన వేళకు ప్రభుత్వ న్యాయవాది పని ఏమిటో స్వయంగా తెలిసినవారు ముసాయిదా కమిటీలోనే ఉన్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేసి వచ్చినవారే.

1950లో గణతంత్రంతోపాటు కొత్త పదవులూ వచ్చాయి. తొలి అటార్నీ జనరల్ ఎం.సి.సెతల్వాడ్, తొలి సొలిసిటర్ జనరల్ సి.కె.దఫ్తరీ. ఇద్దరూ బొంబాయి బార్ నుంచి వచ్చినవారే. దఫ్తరీ అప్పటికే పేరు మోసిన న్యాయవాది. బొంబాయి అడ్వకేట్ జనరల్ హోదాలో, ఎర్రకోటలో జరిగిన గాంధీజీ హత్య కేసు విచారణలో ప్రాసిక్యూషన్‌కు నాయకత్వం వహించారు. ఈ జంట పదమూడేళ్లు కలిసి పనిచేసింది. 1963లో సెతల్వాడ్ దిగిపోయాక దఫ్తరీ మొదటి కుర్చీలోకి మారారు.

ఆ తర్వాత అదొక బాటగా మారింది. ఎస్.వి.గుప్తే, నిరేన్ డే, ఎల్.ఎన్.సిన్హా, కె.పరాశరన్, సోలీ సొరాబ్జీ, మిలన్ బెనర్జీ, అశోక్ దేశాయ్, గులాం వాహనవతి... వీరంతా సొలిసిటర్ జనరల్‌గా పనిచేసి అటార్నీ జనరల్ అయినవారే. పరాశరన్ కుమారుడు మోహన్ పరాశరన్ కూడా 2013లో తండ్రి కూర్చున్న రెండో కుర్చీలో కూర్చున్నారు.

దేశ చరిత్రను మలుపు తిప్పిన కేసుల్లోనూ వీరి పాత్ర ఉంది. 1972–73లో పదమూడు మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్న కేశవానంద భారతి కేసులో, రాజ్యాంగాన్ని సవరించే పార్లమెంటు అధికారానికి హద్దులు లేవని కేంద్రం పక్షాన వాదించినవారిలో అటార్నీ జనరల్ నిరేన్ డే, సొలిసిటర్ జనరల్ ఎల్.ఎన్.సిన్హా ఉన్నారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని 7–6 మెజారిటీతో తీర్పు వచ్చింది. ఆ ఏడుగురిలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.జగన్మోహన్ రెడ్డి.

ఫైలు నుంచి బల్ల దాకా

ఒక కేసు సొలిసిటర్ జనరల్ బల్ల మీదకు చేరే దారి సూటిగా ఉండదు. ఉదాహరణకు ఒక మంత్రిత్వ శాఖ నిర్ణయాన్ని ఎవరో సుప్రీంకోర్టులో సవాలు చేశారనుకుందాం. సంబంధిత శాఖ వివరాలు రాసి న్యాయశాఖకు పంపుతుంది. సుప్రీంకోర్టు వ్యవహారాలు చూసే కేంద్ర ఏజెన్సీ విభాగం కాగితాలు సిద్ధం చేస్తుంది. అక్కడి నుంచి కేసు ఒక న్యాయాధికారికి చేరుతుంది. ఏ శాఖా నేరుగా ఆయన్ను సలహా అడగడానికి లేదు. న్యాయశాఖ ద్వారా వచ్చిన ప్రశ్నకే ఆయన జవాబు ఇవ్వాలి.

ప్రతిఫలంగా నెలకు రిటైనర్, హాజరైన కేసులకు ఫీజు ఉంటాయి. దానికి తగ్గట్టు కట్టుబాట్లూ ఉన్నాయి. కేంద్రానికి, ప్రభుత్వరంగ సంస్థలకు వ్యతిరేకంగా ఎవరికీ సలహా ఇవ్వకూడదు. అనుమతి లేకుండా క్రిమినల్ కేసులో నిందితుడి పక్షాన నిలబడకూడదు. అనుమతి లేకుండా ఏ కంపెనీలోనూ పదవి తీసుకోకూడదు. బయట పెద్ద పెద్ద కక్షిదారులు క్యూ కట్టే సీనియర్ న్యాయవాదికి ఇది చిన్న త్యాగం కాదు.

పదవి దిగిన మర్నాటి నుంచి కథ వేరు. 2007లో వొడాఫోన్ కంపెనీ హచిసన్ టెలికాం వ్యాపారాన్ని కొన్నప్పుడు ఆదాయపు పన్ను శాఖ దాదాపు 11 వేల కోట్ల రూపాయలు కట్టమంది. సుప్రీంకోర్టులో శాఖ తరఫున వాదించింది నాటి సొలిసిటర్ జనరల్ రోహింటన్ నారిమన్. వొడాఫోన్ తరఫున నిలిచింది 1999–2002 మధ్య అదే కుర్చీలో కూర్చున్న హరీశ్ సాల్వే. 2012 జనవరి 20న తీర్పు వొడాఫోన్‌కు అనుకూలంగా వచ్చింది. ప్రభుత్వం పాత తేదీ నుంచి వర్తించేలా పన్ను చట్టాన్ని మార్చడం, 2021లో ఆ మార్పును వెనక్కి తీసుకోవడం ఆ కేసుకు కొనసాగింపే.

మరో రెండేళ్లకే నారిమన్ బల్లకు అవతలి వైపు చేరి సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. సోషల్ మీడియాలో రాసిన మాటలకు అరెస్టులు చేయడానికి వాడుతున్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న కొట్టివేసిన తీర్పు రాసింది ఆయనే. ఆ బెంచికి అధ్యక్షత వహించింది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆ సెక్షన్‌ను సమర్థిస్తూ కేంద్రం తరఫున వాదించింది అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా. 2018 అక్టోబర్‌లో ఆయన సొలిసిటర్ జనరల్ అయ్యారు.

కోర్టు నమ్మే మాట

మామూలు న్యాయవాది చెప్పే మాటకు, సొలిసిటర్ జనరల్ చెప్పే మాటకు కోర్టులో తూకం వేరు. ‘ప్రభుత్వం ఈ హామీ ఇస్తోంది’ అని ఆయన అంటే న్యాయమూర్తులు దాన్ని ఉత్తర్వులో రాసుకుంటారు. ఒక్కోసారి ఆ ఒక్క మాట మీదే కేసు ముగుస్తుంది. అందుకే ఆ మాట వెనకున్న సమాచారం తప్పయితే నష్టపోయేది ఆయన పరువొక్కటే కాదు.

2020 మార్చి 31 సంగతి చూడండి. లాక్‌డౌన్ మొదలై వారమైంది. నడిచి ఊళ్లకు పోతున్న వలస కూలీల గురించి దాఖలైన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఇచ్చిన సమాచారం ఆధారంగా, ఆ ఉదయం 11 గంటలకల్లా రోడ్ల మీద ఎవరూ లేరని సొలిసిటర్ జనరల్ చెప్పారు. కోర్టు ఆ మాటను నమోదు చేసుకుంది. తర్వాతి వారాల్లో దేశం చూసింది వేరు. హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోయిన కుటుంబాలను తెలంగాణ ఊళ్లు కళ్లారా చూశాయి. దారి పొడవునా జనం అన్నం, మజ్జిగ పెట్టి సాగనంపారు. మే 26న సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. రెండు రోజుల తర్వాత, కూలీల నుంచి రైలు, బస్సు చార్జీలు వసూలు చేయొద్దని ఆదేశించింది.

2013లో బొగ్గు గనుల కేటాయింపు కేసులో ఇంకో పాఠం దొరికింది. సీబీఐ నివేదికను ప్రభుత్వంలో ఎవరికీ చూపించలేదని అదనపు సొలిసిటర్ జనరల్ హరీన్ రావల్ కోర్టుకు చెప్పారు. న్యాయశాఖ మంత్రికి, ప్రధాని కార్యాలయంలోని అధికారికి, బొగ్గు శాఖ అధికారికి చూపించామని ఏప్రిల్ 26న సీబీఐ డైరెక్టర్ అఫిడవిట్ వేశారు. నెలాఖరుకు రావల్ రాజీనామా చేశారు. మే నెలలో న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ కూడా పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి తప్పును ఒక దేశం 67 ఏళ్ల తర్వాత ఒప్పుకున్న ఉదంతమూ ఉంది. అమెరికాలో సొలిసిటర్ జనరల్ పదవి 1870లో న్యాయశాఖతోపాటే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లక్షా ఇరవై వేల మంది జపాన్ సంతతి వారిని అక్కడి ప్రభుత్వం ఇళ్ల నుంచి వెళ్లగొట్టి శిబిరాల్లో పెట్టింది. వారిలో అత్యధికుల వల్ల ముప్పేమీ లేదని నౌకాదళ గూఢచారి విభాగం నివేదిక ఇచ్చింది. ఆ సంగతి సుప్రీంకోర్టుకు చెప్పకపోతే సాక్ష్యాన్ని దాచినట్టవుతుందని న్యాయశాఖలోని వకీలే హెచ్చరించినా, నాటి సొలిసిటర్ జనరల్ చార్లెస్ ఫాహీ చెప్పలేదు. 1944లో కోరెమాట్సు కేసులో ప్రభుత్వం గెలిచింది. 2011 మేలో ఆ కుర్చీలో తాత్కాలికంగా ఉన్న భారతీయ సంతతి న్యాయవాది నీల్ కత్యాల్, తమ కార్యాలయం నాడు తప్పు చేసిందని బహిరంగంగా ప్రకటించారు.

కుర్చీ వదిలినవారు

ప్రభుత్వం చెప్పమన్నది చెప్పలేనప్పుడు ఈ అధికారి చేతిలో ఉన్న గట్టి ఆయుధం రాజీనామా. 1972 నుంచి అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉన్న ఫాలీ నారిమన్ 1975 జూన్ 27న దాన్ని వాడారు. దేశం ఎమర్జెన్సీ ప్రకటన విన్నది అంతకు ముందురోజే. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు, పత్రికల మీద సెన్సారు పడింది. అలాంటి వేళ ఒక ప్రభుత్వ వకీలు పదవి వదిలి బయటికి నడవడానికి ఎంత గుండె కావాలో ఆ కాలం చూసినవారికి తెలుసు. ముప్ఫయ్యారేళ్ల తర్వాత సొలిసిటర్ జనరల్ అయిన రోహింటన్ నారిమన్ ఆయన కుమారుడే.

2011 జూలైలో రాజీనామా చేసిన గోపాల్ సుబ్రమణ్యం కారణం వేరు. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల వ్యవహారంతో ముడిపడిన ఒక కేసులో టెలికాం శాఖ తన తరఫున ప్రత్యేకంగా మరో సీనియర్ న్యాయవాదిని పెట్టుకుంది. సొలిసిటర్ జనరల్ ఉండగా పక్కన పెట్టి ఇంకొకరిని తెచ్చుకోవడం పదవి గౌరవానికి భంగమని ఆయన భావించారు. ఆ ‘ఇంకొకరు’ రోహింటన్ నారిమన్. అదే నెలాఖరులో సొలిసిటర్ జనరల్ పదవి ఆయనకే దక్కింది. 2013 ఫిబ్రవరిలో ఆయనా రాజీనామా చేశారు.

2017 అక్టోబర్‌లో రంజిత్ కుమార్ తప్పుకున్నాక దాదాపు ఏడాదిపాటు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. పని ఆగలేదు, అదనపు సొలిసిటర్ జనరల్స్ నెట్టుకొచ్చారు. రాజ్యాంగ రక్షణ లేని పదవిని ప్రభుత్వం ఎంతకాలమైనా ఖాళీగా ఉంచవచ్చని మాత్రం ఆ ఏడాది చూపించింది.

తెలుగు నేల మీద

రాష్ట్రాల్లో మొదటి కుర్చీ అడ్వకేట్ జనరల్‌ది. 165వ అధికరణం ఆ పదవిని సృష్టించింది. రెండో వరసలో కూర్చునేవారు అదనపు అడ్వకేట్ జనరల్స్. రాజ్యాంగంలో వీరి ప్రస్తావన లేదు కదా, ప్రభుత్వం ఎలా నియమిస్తుందన్న ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎం.టి.ఖాన్ కేసులో 2004లో తీర్పు వచ్చింది. రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్ ఒక్కరే, రాజ్యాంగం అప్పగించిన విధులు ఆయనవే. అయితే ప్రభుత్వం తన కార్యనిర్వాహక అధికారంతో మరికొందరు న్యాయవాదులను పెట్టుకుని అదనపు అడ్వకేట్ జనరల్ అని పిలుచుకోవచ్చు. రెండో వరస న్యాయాధికారుల స్థానమేమిటో తేల్చేటప్పుడు నేటికీ న్యాయవాదులు ఈ తీర్పును ఉటంకిస్తారు.

ఢిల్లీలో ఆ వరసలో పనిచేసిన తెలుగువారూ ఉన్నారు. అదనపు సొలిసిటర్ జనరల్‌గా పనిచేసిన ఎల్.నాగేశ్వరరావు 2016లో బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. వలస కూలీలపై 2020 మార్చి 31న సొలిసిటర్ జనరల్ మాట విన్న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఆయనొకరు. హైదరాబాద్‌లో పుట్టిన పమిడిఘంటం శ్రీనరసింహ 2014 నుంచి 2018 దాకా అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉండి, 2021లో అదే దారిలో సుప్రీంకోర్టు బెంచి చేరారు. పక్క రాష్ట్రం కర్ణాటక నుంచి 1998లో సొలిసిటర్ జనరల్ అయిన సంతోష్ హెగ్డే తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, ఆ పైన కర్ణాటక లోకాయుక్తగా పనిచేశారు. బళ్లారి అక్రమ గనుల మీద ఆయన ఇచ్చిన నివేదికలు సరిహద్దుకు ఇవతల అనంతపురం జిల్లాలోనూ సంచలనం రేపాయి.

ఇంత బరువు మోసే పదవికి మూడేళ్ల గడువు, ఒక నిబంధనల పుస్తకం తప్ప వేరే అండ లేకపోవడం లోటే. ప్రభుత్వం పేరున కోర్టులో చెప్పే ప్రతి ముఖ్యమైన సమాచారం వెనక బాధ్యతగల అధికారి సంతకంతో అఫిడవిట్ ఉండాలి. అప్పుడు తప్పు దొర్లితే అది ఎక్కడ దొర్లిందో తెలుస్తుంది. నిజం చెప్పాలనుకునే సొలిసిటర్ జనరల్‌కు అదే రక్షణ కూడా.

పాఠకులు చేయగలిగినదీ ఒకటుంది. ‘సొలిసిటర్ జనరల్ కోర్టుకు హామీ ఇచ్చారు’ అన్న వార్త ఈసారి కనిపించినప్పుడు తేదీ గుర్తుపెట్టుకోండి. తర్వాతి వాయిదాలకు ఆ హామీ ఏమైందో వెతికి చదవండి. ఆయన ఫీజు వెళ్లేది మనం కట్టిన పన్నుల్లోంచి, ఆ మాట వెళ్లేది మన పేరు మీద.